ఉట్రెక్ట్ నుంచి ఫ్రిస్కో దాకా: కారు నడపని ఇద్దరు చూసిన నగరాలు

శుక్రవారం, ఉట్రెక్ట్

నెదర్లాండ్స్‌లో నాలుగో పెద్ద నగరమైన ఉట్రెక్ట్‌ను మొదటి మజిలీగా ఎంచుకోవడానికి కారణం అక్కడి కాలువ. పాత పట్టణాన్ని చుట్టి వచ్చే ఆ నీటిపాయలో కాతరైనెసింగెల్ అనే వైపు కొంత భాగాన్ని 1970ల తొలినాళ్లలో ఎండగట్టి, ఆ పల్లంలోనే మోటారు వాహనాలకు వెడల్పాటి రహదారి వేశారు. 2002లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో పౌరులు నీటివైపు మొగ్గారు. 2020 సెప్టెంబరు నాటికి కాలువ మళ్లీ పూర్తిగా నిండింది. ఉద్యోగ జీవితమంతా మునిసిపల్ ఇంజనీరింగ్ విభాగంలో గడిపిన నాకు కాలువలు పూడ్చి రోడ్లు వేయడం కొత్త కాదు. రోడ్డును తవ్వి కాలువను తిరిగి తెచ్చుకున్న ఊరు ఒకటుందని తెలిశాక, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లే దారిలో దాన్ని చూసి తీరాలనిపించింది.

ఒడ్డున మెట్ల మీద కాలేజీ పిల్లలు కూర్చుని తింటున్నారు. నీటికీ నడకదారికీ మధ్య పచ్చిక, కొద్ది దూరానికో బెంచీ. మోకాళ్ల నొప్పులున్న నా భార్య ఆ బెంచీల మీద ఆగుతూ, లేస్తూ, సాయంత్రం లోపు పాత పట్టణం చుట్టూ సగం దూరం నడిచింది. మా ఊళ్లో ఆమె అంత నడిచి చాలా కాలమైంది. మా ఇద్దరికీ కారు నడపడం రాదు. అందువల్ల ఈ ప్రయాణంలో ప్రతి నగరాన్నీ ఒకే ప్రశ్నతో చూడాలని అనుకున్నాను: కారు నడపని, నడక కాస్త కష్టమైన మనిషి, ఇంకొకరి సాయం అడగకుండా ఎంత దూరం వెళ్లి రాగలడు?

శనివారం, ఉట్రెక్ట్

స్టేషన్ కింద మూడు అంతస్తుల సైకిల్ స్టాండు ఉంది. 12,500 సైకిళ్లు పట్టే ఆ స్టాండు నిర్మాణం 2019లో పూర్తయింది. లోపలికి నడిచి వెళ్లవలసిన పని లేదు, ఎర్రరంగు దారి మీద సైకిల్ తొక్కుకుంటూనే అంతస్తు నుంచి అంతస్తుకు వెళ్లవచ్చు. ఏ వరుసలో ఎన్ని ఖాళీలున్నాయో పైన అంకెలు చూపిస్తుంటాయి. మొదటి ఇరవై నాలుగు గంటలకు రుసుము లేదు. మెట్లెక్కితే ప్లాట్‌ఫారం. ఇంటి నుంచి స్టేషన్‌కు సైకిల్, స్టేషన్ నుంచి మరో ఊరికి రైలు అన్న లెక్క ఈ దేశమంతటా ఒక అలవాటుగా స్థిరపడింది. బస్సుకైనా ట్రామ్‌కైనా రైలుకైనా ఒకే బ్యాంకు కార్డును ఎక్కేటప్పుడోసారి, దిగేటప్పుడోసారి యంత్రానికి తాకిస్తే ఛార్జీ లెక్క అదే తేలుతుంది.

డచ్చివారు పుట్టుకతోనే సైకిల్ ప్రేమికులన్న మాట మన దగ్గర తరచుగా వినిపిస్తుంది, కానీ అది నిజం కాదు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల మూడు వేలమందికి పైగా చనిపోయారు. వారిలో నాలుగు వందలకు పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. 'పిల్లల హత్యలు ఆపండి' అన్న అర్థం వచ్చే పేరుతోనే ఒక ఉద్యమం నడిచింది. 1973 చమురు సంక్షోభంలో ప్రభుత్వం ఆదివారాలు కార్లను ఆపేసినప్పుడు, ఖాళీ రోడ్డు ఎలా ఉంటుందో జనం కళ్లారా చూశారు. ఈ రోజు మనం చూసే సైకిల్ దారులు ఆ కోపం నుంచి, ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగిన మునిసిపల్ నిర్ణయాల నుంచి వచ్చినవి. అంటే ఇది మరో చోట అసాధ్యమైన సంగతేమీ కాదు.

నచ్చనిదీ ఒకటి ఉంది. స్టేషన్‌లో మరుగుదొడ్డికి కార్డు తాకించి డబ్బు కట్టాలి. మధుమేహం ఉన్నవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు ఇది రోజుకు ఎన్నిసార్లు భారమవుతుందో ఆలోచించని ఏర్పాటిది. ఇంత శ్రద్ధగా సైకిల్‌కు ఉచితంగా చోటిచ్చిన ఊరు మనిషి అవసరానికి రుసుము పెట్టడం నాకు సమంజసంగా కనిపించలేదు.

సాయంత్రం వియన్నాకు రాత్రి రైలు ఎక్కాము.

ఆదివారం, వియన్నా

రైలు దిగగానే తెలిసిన సంగతి, ఇక్కడ ఆదివారం దుకాణాలు మూసేస్తారు. రొట్టెల దుకాణాలు, పెద్ద స్టేషన్లలోని కొన్ని సరుకుల అంగళ్లు తప్ప అంతా మూతే. పాలు, పెరుగు ముందురోజే కొనిపెట్టుకోవాలి. దుకాణంలో పనిచేసేవాళ్లకు కూడా ఆదివారం సెలవే కదా అని నా భార్య అంది, అందులో న్యాయం ఉంది.

వియన్నా మెట్రోలో గేట్లు లేవు. ప్లాట్‌ఫారానికి వెళ్లే చోట చిన్న యంత్రంలో టికెట్టు మీద ముద్ర వేయించుకుని సాగిపోవడమే. తనిఖీ అధికారులు మామూలు దుస్తుల్లో వస్తారు, టికెట్టు లేకపోతే జరిమానా 100 యూరోలకు పైమాటే. ప్రతి స్టేషన్‌లోనూ లిఫ్టు ఉండటం వల్ల మెట్ల సంగతే మేము మరిచిపోయాము. నగరమంతా తిరిగే ఏడాది టికెట్టును 2012లో 365 యూరోలకు, అంటే రోజుకు ఒక యూరో లెక్కన పెట్టారు. 2026 జనవరిలో ధర పెంచేదాకా అది అలాగే కొనసాగింది. ధర పెరిగిందని ఊళ్లో అసంతృప్తి ఉందని మేము బస చేసిన ఇంటివారు చెప్పారు. పెరిగిన ధర కూడా కారు పోషణ ముందు లెక్కలోకి రాదు.

మధ్యాహ్నం ష్వార్ట్సెన్‌బెర్గ్‌ప్లాట్స్‌లో ఎత్తుకు చిమ్మే ఫౌంటెన్ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. 1873లో ఆల్ప్స్ కొండల ఊటనీటిని నగరానికి తెచ్చిన మొదటి కాలువ పూర్తయిన సందర్భంలో దాన్ని ప్రారంభించారు. అంతకు ముందు వియన్నావాసులు తాగింది బావుల నీళ్లు, డాన్యూబ్ నీళ్లు. కలరా, టైఫాయిడ్ తరచూ ఊరిని ఊడ్చేసేవి. ఎడ్వర్డ్ జ్యూస్ అనే భూగర్భ శాస్త్రవేత్త నగర సభలో పట్టుబట్టి ఆ పథకాన్ని సాధించాడు. 1910లో రెండో కాలువ వచ్చింది. దాని పొడవు 180 కిలోమీటర్లు, ఊట దగ్గర బయలుదేరిన నీరు నగరం చేరడానికి సుమారు 36 గంటలు పడుతుంది. పంపులు లేవు, నేల వాలు మీదే ఆ నీరు వస్తుంది. నీటి సరఫరా పనిలో తలమునకలైన ఏ ఇంజనీరుకైనా ఆ మాట వినగానే ఒళ్లు పులకరిస్తుంది, ఎందుకంటే మన పథకాల ఖర్చులో పెద్ద వాటా కరెంటు బిల్లే. వీధుల్లో వెయ్యికి పైగా తాగునీటి కుళాయిలున్నాయి. ఒక ట్రామ్ స్టాపు పక్కనున్న కుళాయి కింద సీసా పెట్టి నింపుకుని తాగాము. కూజా నీళ్లంత చల్లగా ఉన్నాయి.

సోమవారం, వియన్నా

ఈ ప్రయాణంలో నేను ఎక్కువగా ఎదురుచూసింది కార్ల్ మార్క్స్ హోఫ్ కోసం. యు4 మెట్రో మార్గంలో చివరి స్టేషన్ హైలిగెన్‌స్టాట్‌లో దిగి బయటికి వస్తే ఎదురుగానే ఉంటుంది. కిలోమీటరుకు పైగా సాగే ఒకే భవన సముదాయం, నడుమ ఎత్తైన కమాన్లు, వాటి మీదుగా జెండా కర్రలు మోసే బురుజుల్లాంటి గోపురాలు. కార్ల్ ఏన్ అనే నగర వాస్తుశిల్పి రూపకల్పన చేయగా 1927 నుంచి 1930 వరకు కట్టారు. 1,382 వాటాలు, పేద కార్మికుల కోసం కట్టినవి. అయినా స్థలంలో ఐదో వంతుకు మించి కట్టడం లేదు, మిగతాదంతా తోటలు, పిల్లల ఆటస్థలాలు. ఉమ్మడి చాకిరేవులు, స్నానశాలలు, శిశువిహారాలు, గ్రంథాలయం, దంతవైద్యశాల కూడా మొదటి ప్రణాళికలోనే ఉన్నాయి.

వియన్నా మునిసిపల్ ఇళ్ల గోడల మీద ఎర్రటి అక్షరాల్లో ఒక వాక్యం కనిపిస్తుంది: గృహ నిర్మాణ పన్ను సొమ్ముతో వియన్నా నగరపాలన ఫలానా సంవత్సరాల్లో కట్టినది అని. 1923లో వేసిన ఆ పన్ను పెద్ద ఇళ్లవాళ్ల మీద ఎక్కువగా, చిన్న ఇళ్లవాళ్ల మీద తక్కువగా పడేది. మన దగ్గర శిలాఫలకం మీద శంకుస్థాపన చేసిన మంత్రిగారి పేరు ఉంటుంది. ఇక్కడ ఏ పన్ను డబ్బుతో కట్టారో ఆ సంగతి ఉంది. నాకు ఆ గోడ ముందు నిజంగా గౌరవం కలిగింది.

1934 ఫిబ్రవరిలో అంతర్యుద్ధం చెలరేగినప్పుడు ప్రభుత్వ సైన్యం ఈ ఇళ్ల మీదే ఫిరంగులు పేల్చింది. ఆ దెబ్బలు తిన్న భవనంలో నేటికీ అద్దెకున్న కుటుంబాలు ఉన్నాయి. లోపలి తోటలో ఒక ముసలావిడ చక్రాల సంచి లాక్కుంటూ వచ్చి బెంచీ మీద కూర్చుంది. సంచిలో ఉల్లికాడలు, రొట్టె. స్టేషన్, ఆమె తలుపు, ఆమె కూర్చున్న బెంచీ, మూడూ ఒక వృద్ధురాలి నడకకు అందే దూరంలోనే ఉన్నాయి. నగరానికి ఇప్పటికీ 2,20,000 వరకు సొంత అద్దె వాటాలు ఉన్నాయి. సబ్సిడీతో నడిచే సహకార తరహా ఇళ్లను కూడా కలిపితే దాదాపు సగం జనాభా వీటిలోనే నివసిస్తోంది. అద్దె అందుబాటులో ఉండటం కూడా ఒక రవాణా సౌకర్యమేనని నాకు అనిపించింది, ఎందుకంటే అది లేని ఊళ్లలో పనివాళ్లు ఊరి చివరికి, అక్కడి నుంచి ఇంకా అవతలికి జరిగిపోతారు.

బుధవారం, న్యూయార్క్

మంగళవారమంతా విమానంలోనే గడిచింది. క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్‌లో బస. విమానాశ్రయం నుంచి క్వీన్స్‌లోనే ఉన్న జమైకా స్టేషన్ దాకా ఎయిర్‌ట్రైన్, అక్కడి నుంచి ఇ రైలు. ఎక్కిన చోటా దిగిన చోటా లిఫ్టులు ఉండటం వల్ల సామానుతో ఇబ్బంది పడలేదు. అయితే ఆ సౌకర్యం ప్రతిచోటా దొరకదు. 1904లో మొదలైన న్యూయార్క్ సబ్‌వేకు 472 స్టేషన్లున్నాయి. చక్రాల కుర్చీతో ప్లాట్‌ఫారం చేరగలిగేవి మూడింట ఒక వంతుకు కాస్త అటూ ఇటూ. 1990లో వికలాంగుల హక్కుల కోసం ప్రపంచానికే మార్గదర్శకమైన చట్టం చేసిన దేశంలో ఈ పరిస్థితి ఉండటం బాధాకరం. 2022లో కోర్టు వ్యాజ్యంలో కుదిరిన ఒప్పందం ప్రకారం 2055 నాటికి 95 శాతం స్టేషన్లను అందుబాటులోకి తేవాలి. ఈ రోజు మెట్లెక్కలేని మనిషికి 2055 చాలా దూరం.

అదే చట్టం బస్సులో మాత్రం కళ్ల ముందే పనిచేస్తుంది. రూజ్‌వెల్ట్ అవెన్యూ దగ్గర నా భార్య ఎక్కబోతుంటే డ్రైవరు బస్సును కాలిబాట వైపు కిందికి వంచాడు. తర్వాతి స్టాపులో చక్రాల కుర్చీలో ఒకాయన ఎక్కినప్పుడు పలక బయటికి పరిచి, లోపల సీట్లు మడిచి, కుర్చీకి పట్టీలు బిగించి, సరిగ్గా ఉందా అని అడిగి, ఆ తర్వాతే బస్సు కదిపాడు. బస్సులో ఎవరూ విసుక్కోలేదు. ఆ డ్రైవరు చేసినదాన్ని నేను మర్యాద అనను, అది ఆ ప్రయాణికుడి హక్కు అని అక్కడ అందరికీ తెలుసు.

సబ్‌వే రాత్రంతా నడుస్తుంది. వియన్నా మెట్రో వారాంతపు రాత్రులు, సెలవుల ముందు రాత్రులు తప్ప ఆగిపోతుంది. ఎంత దూరం వెళ్లినా ఒకే ఛార్జీ, అదే ఛార్జీలో బస్సుకు మారవచ్చు. రాత్రి పన్నెండున్నరకు హోటల్ వంటగదుల నుంచి ఇంటికి వెళ్లే మనుషులతో ఏడో నంబరు రైలు నిండుగా ఉండటం చూశాక, పాతబడిన ఆ గోడల మీద ఫిర్యాదు చేయాలనిపించలేదు.

వీధుల్లో చెత్త సంగతి వేరు. 1811లో గీసిన మాన్‌హాటన్ గళ్ల నక్షాలో భవనాల వెనక సందులు లేకపోవడంతో దశాబ్దాలుగా నల్ల సంచులు కాలిబాట మీదే పేర్చుతూ వచ్చారు. 2024 నవంబరు నుంచి తొమ్మిది వాటాల వరకు ఉన్న ఇళ్లవాళ్లు మూతల డబ్బాల్లోనే చెత్త పెట్టాలన్న నిబంధన అమలైంది. పెద్ద భవనాల ముందు సంచుల గుట్టలు ఇంకా కనిపించాయి. ఉట్రెక్ట్‌లో చెత్త డబ్బాలు భూమిలోపలికే దిగి ఉంటాయి, పైకి ఒక గొట్టం మాత్రమే కనిపిస్తుంది.

గురువారం, న్యూయార్క్

స్టాటెన్ ఐలండ్ ఫెర్రీకి 1997 నుంచి టికెట్టు లేదు. పగలూ రాత్రీ నడిచే ఆ పెద్ద నారింజరంగు పడవలో ఆఫీసుకు వెళ్లేవాళ్లతో పాటు మేమూ ఎక్కి, స్వేచ్ఛా విగ్రహాన్ని చూస్తూ 25 నిమిషాల్లో అవతలి ఒడ్డు చేరాము. ఇంత ఉదారమైన సేవ యూరప్ నగరాల్లో కూడా అరుదు.

మధ్యాహ్నం ఐదో అవెన్యూ మీది గ్రంథాలయానికి వెళ్లాము. అది నిలబడ్డ చోటే ఒకప్పుడు క్రోటన్ జలాశయం ఉండేది. దాన్ని తొలగించి 1911లో ఈ భవనం తెరిచారు. 1901లో ఆండ్రూ కార్నెగీ 52 లక్షల డాలర్లు ఇస్తే, స్థలాలూ నిర్వహణా నగరం భరించి పేటపేటకూ శాఖలు తెరిచింది. 2021 అక్టోబరులో ఆలస్య రుసుములు పూర్తిగా ఎత్తేశారు. పుస్తకం ఆలస్యమైతే ఏమవుతుందోనన్న భయంతో పేద పిల్లలు గ్రంథాలయానికి దూరమవుతున్నారని గుర్తించి చేసిన పని అది. లోపల మరుగుదొడ్లకు డబ్బు అక్కర్లేదు, మంచినీళ్ల కుళాయి ఉంది, ఎవరివని అడిగేవాళ్లు లేరు.

ఇక్కడే నా మనసులో ఒక పోలిక రూపం దిద్దుకుంది. యూరప్ వీధిలో ఉదారంగా ఉంటుంది, గడప లోపల లెక్క చూసుకుంటుంది: హోటల్లో నీళ్లకూ బిల్లు వేస్తారు, మరుగుదొడ్డికి నాణెం అడుగుతారు. అమెరికా గడప లోపల ఉదారం. గ్రంథాలయం, బడి, దుకాణం, ఎక్కడికి చేరినా ఆదరిస్తారు, కూర్చోగానే మంచుముక్కల నీళ్లు తెచ్చిపెడతారు. ఆ గడప దాకా చేర్చే బాధ్యతను మాత్రం చాలా ఊళ్లలో మనిషికే వదిలేసింది. న్యూయార్క్ ఇందుకు మినహాయింపు.

శనివారం, ఫ్రిస్కో

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఈ ఊరి జనాభా 1990లో ఆరు వేల చిల్లర, 2020 జనగణనలో రెండు లక్షల పైచిలుకు. మన తెలుగు కుటుంబాలు ఇక్కడ ఎంత విస్తారంగా ఉన్నాయో కార్యసిద్ధి హనుమాన్ ఆలయంలో శనివారం ఉదయం చూస్తే తెలుస్తుంది. విశాలమైన ఇళ్లు, మంచి బడులు, శుభ్రమైన పార్కులు. అమ్మాయి ఇంటి నుంచి కూరగాయల దుకాణం కనిపించేంత దూరమే. మధ్యలో ఆరు వరుసల రోడ్డు ఉంది. కాలిబాట ఉంది, దాని మీద మనిషి లేడు, నీడ లేదు, కూర్చోవడానికి బెంచీ లేదు. ఊళ్లో డాలస్ వైపు వెళ్లే బస్సు గాని రైలు గాని లేవు.

ఆదివారం, ఫ్రిస్కో

సాయంత్రం పార్కులో గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన పరిచయమయ్యారు. కొడుకు దగ్గరికి ఆరు నెలలకు వచ్చారు, ఆరు నెలల మందులూ సంచిలో తెచ్చుకున్నారు; ఇక్కడ డాక్టరును చూడాలంటే ప్రయాణ బీమా ఏది ఇస్తుందో, ఏది ఇవ్వదో తేలదని ఆయన దిగులు. ఊళ్లో ఉన్నప్పుడు రోజూ ఉదయం బ్రాడీపేట దాకా నడిచి, కాఫీ తాగి, పేపరు కొనుక్కుని ఇంటికి వచ్చే మనిషి. "ఇక్కడ అన్నీ ఉన్నాయండీ, వెళ్లడానికే లేదు. అబ్బాయి పనిలో ఉంటే అడగబుద్ధి కాదు" అన్నారు. తెలుగు ఇళ్లలో ఏటా ఎందరో తల్లిదండ్రులు ఈ మాటే లోలోపల అనుకుంటూ, పిల్లలు నొచ్చుకుంటారని బయటికి అనకుండా తిరిగి వెళ్తారు. ఇది పిల్లల తప్పు కాదు, ఊరిని గీసిన తీరులో ఉన్న లోపం.

సోమవారం, ఫ్రిస్కో

మనవణ్ణి బడి బస్సు ఎక్కించడానికి వెళ్లాను. పసుపురంగు బస్సు ఆగగానే పక్కనుంచి ఎర్రటి ఆపు పలక తెరుచుకుంది, దీపాలు వెలిగాయి, రెండు వైపులా కార్లన్నీ నిలిచిపోయాయి. చివరి పిల్లవాడు కూర్చునేదాకా ఒక్కరూ హారన్ కొట్టలేదు. 1939లో కొలంబియా విశ్వవిద్యాలయంలో జరిగిన సమావేశంలో ఈ పసుపురంగును, బస్సు కొలతలను దేశమంతటికీ ప్రమాణాలుగా నిర్ణయించారు. పిల్లల కోసం ఈ దేశం రోడ్డును ఇంత కచ్చితంగా ఆపగలుగుతోంది. తర్వాత అమ్మాయి మమ్మల్ని 2023లో తెరిచిన నగర గ్రంథాలయంలో దింపి ఆఫీసుకు వెళ్లింది. గుమ్మం లోపల భారీ డైనోసార్ అస్థిపంజరం నమూనా, దాని చుట్టూ పిల్లలు. సాయంత్రం దాకా హాయిగా గడిచింది. ఇంటికి రావడానికి మళ్లీ ఆమె రావలసిందే.

బుధవారం, డాలస్

డాలస్ రైలు చూడాలన్న కోరికతో ప్లేనోలోని పార్కర్ రోడ్ స్టేషన్ దాకా కారులో వెళ్లాము. అక్కడి నుంచి డాలస్ ప్రాంత ప్రజా రవాణా సంస్థ అయిన డార్ట్ నడిపే రెడ్ లైన్. 1996లో మొదలైన ఈ లైట్ రైలు వ్యవస్థ పొడవు 150 కిలోమీటర్ల దాకా ఉంటుంది, 2025 అక్టోబరులో ప్లేనో నుంచి విమానాశ్రయానికి మరో తరహా రైలు మార్గం కూడా తెరిచారు. పెట్టెలు శుభ్రంగా ఉన్నాయి, నా భార్య మెట్టెక్కకుండానే లోపలికి నడిచింది. రైలు ఉంది, కానీ చాలా స్టేషన్ల చుట్టూ ఉన్నది కార్ల పార్కింగే. ఇల్లూ అంగడీ స్టేషన్‌కు దూరంగా ఉన్నాయి. హైలిగెన్‌స్టాట్‌లో స్టేషన్ గుమ్మం ఎదుటే వేలమంది ఇళ్లు ఉండటం ఎంత తేడా తెచ్చిందో ఇక్కడ అర్థమైంది.

రాత్రి భోజనాల దగ్గర ఈ ఊరికి రైలు ఎందుకు రాలేదని అల్లుణ్ణి అడిగాను. టెక్సస్‌లో అమ్మకం పన్నులో స్థానిక వాటా రెండు శాతానికి మించకూడదు. డార్ట్‌లో చేరిన ఊళ్లు అందులో ఒక శాతం దానికి ఇస్తాయి. ఫ్రిస్కో ఆ శాతాన్ని అరా అరాగా పంచి ఆర్థికాభివృద్ధికీ, పార్కులూ క్రీడలూ వంటి సౌకర్యాలకూ కేటాయించుకుంది. "మావయ్యా, ఈ పార్కులు, స్టేడియం, ఆఫీసులు ఆ డబ్బుతోనే కదా వచ్చాయి" అన్నాడు. అతని మాట కొట్టిపారేయదగింది కాదు. అయితే ముప్పై ఏళ్ల వయసులో ఇక్కడ ఇల్లు కొన్నవాళ్లంతా ఇదే ఊళ్లో ముసలివాళ్లవుతారని, స్టీరింగ్ వదిలే రోజుకు బస్సు ఉండాలంటే పన్ను వాటా సంగతి ఇప్పుడే ఎత్తాలని నేను గట్టిగా చెప్పాను. ఆ వాటా మార్చాలంటే ఓటర్ల ఆమోదం కావాలి. ఏళ్ల తరబడి ఇక్కడ పన్నులు కడుతున్న మా అమ్మాయికీ అల్లుడికీ గ్రీన్‌కార్డే ఇంకా రాలేదు, పౌరసత్వం, ఓటు ఆ తర్వాతి మాట. ఆ ఇంట్లో ఇక్కడే పుట్టి ఓటు హక్కు రాబోయేది మనవడు ఒక్కడికే, వాడికి పద్దెనిమిది రావడానికి ఇంకా చాలా ఏళ్లుంది.